తుఫాను రోజును ఏ ఖాతాలో రాయాలి?

విద్యుత్ లైన్లపై విధి నిర్వహణలో ప్రాణాలు వదిలిన కార్మికుల స్మారకోపన్యాసం



స్తంభం మీద ప్రాణం పోయినవాళ్ల పేరిట జరిగే ఈ సభలో గణాంకాల గురించి మాట్లాడతానంటే కొందరికి పొడిగా తోచవచ్చు. అయినా ఇదే ఎంచుకున్నాను. గాలివాన తరవాత ఎన్ని గంటల్లో కరెంటు ఇవ్వాలని పైనుంచి ఒత్తిడి వస్తుంది, ఏ లైను మార్చడానికి డబ్బు మంజూరవుతుంది, ఏ ఊరి చీకటి ఎవరి కంటపడుతుంది అన్నవన్నీ ఒక కొలత మీద ఆధారపడి ఉన్నాయి. ఆ కొలతలో అసాధారణమైన రోజులను ఏం చేయాలన్నదే ఈ రోజు నా విషయం.

పంపిణీ వ్యవస్థను ఎంతవరకు నమ్ముకోవచ్చో చెప్పడానికి ప్రపంచమంతా వాడుతున్న కొలతలు ముఖ్యంగా రెండు. ఏడాదిలో సగటు వినియోగదారుడికి కరెంటు ఎన్నిసార్లు పోయిందో సైఫీ చెబుతుంది. మొత్తం ఎన్ని నిమిషాలు లేదో సైడీ చెబుతుంది. సాధారణంగా ఐదు నిమిషాల లోపల పోయి వచ్చినవి వీటిలోకి రావు. ప్రతి అంతరాయంలోనూ ఎంతమందికి ఎన్ని నిమిషాలు పోయిందో గుణించి, అన్నీ కూడి, మొత్తం వినియోగదారుల సంఖ్యతో భాగిస్తే సైడీ వస్తుంది. ఏడో తరగతి పిల్లవాడు చేయగల లెక్క. చిక్కల్లా కూడికలోకి ఏ రోజులను రానివ్వాలన్న దగ్గరే ఉంది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 170, 180 కిలోమీటర్లు. విమానాశ్రయం పైకప్పు ఛిద్రమైంది. వాతావరణ శాఖ రాడార్ దెబ్బతింది. తీగల మీద చెట్లు, చెట్ల మీద స్తంభాలు. కరెంటు లేక నీళ్ల పంపులు ఆగాయి, ఫోన్లు పలకలేదు, పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. బయటి జిల్లాల నుంచి వచ్చిన సిబ్బంది కూడా స్థానికులతో కలిసి రాత్రింబవళ్లు పనిచేశారు. ఒక్కో పేటకు ఒక్కో రోజున వెలుగు వచ్చింది.

ఇలాంటి ఏడాదికి సైడీ ఎంత అని అడిగితే ఏం చెప్పాలి? ఒక ఊహాలెక్క వేద్దాం. మామూలుగా ఏడాదికి 276 నిమిషాలు, అంటే నాలుగున్నర గంటలకు కాస్త పైన, కరెంటు పోయే పంపిణీ సంస్థ ఒకటి ఉందనుకోండి. తుఫానుకు దాని పరిధి మొత్తం నాలుగు రోజులు చీకట్లో ఉంది. నాలుగు రోజులంటే 5,760 నిమిషాలు. ఆ ఏటి సైడీ 6,036 నిమిషాలు, వంద గంటల పైమాట. ఇంజనీర్లు ఏడాదంతా కొమ్మలు కొట్టించి, పగిలిన ఇన్సులేటర్లు మార్పించి 30 నిమిషాలు తగ్గించినా ఆ సంఖ్యలో కనిపించదు. పని ఎగ్గొట్టి 60 నిమిషాలు పెంచినా కనిపించదు. కష్టాన్నీ నిర్లక్ష్యాన్నీ వేరు చేయలేని కొలతతో ఎవరి పనినీ తూకం వేయలేం. కూతురి పెళ్లి చేసిన ఏడాది ఖర్చునంతా పన్నెండుతో భాగించి, మా ఇంటి నెల ఖర్చు ఇదీ అని ఎవరూ చెప్పరు. అలాగని పెళ్లికి చేసిన అప్పు లేదనీ అనరు.

కాబట్టి ఆ రోజును పక్కన పెట్టాలి. ఎవరు, ఏ హద్దు చూసి పెట్టాలి? అమెరికాలో చాలాకాలం ఒక్కో సంస్థకు ఒక్కో హద్దు ఉండేది. ఒకరు పది శాతం మందికి 24 గంటలు పోతేనే పెద్ద సంఘటన అనేవారు. ఇంకొకరి హద్దు వేరు. ఒకే గాలివాన ఒక కంపెనీ లెక్కలో ఉండేది, పక్క కంపెనీ లెక్కలో ఉండేది కాదు. ఇద్దరినీ పోల్చడానికి దారే లేదు. విద్యుత్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం ఐఈఈఈ తన 1366 నంబరు ప్రమాణంలో 2003లో దీనికొక మార్గం చూపించింది. దాని వెనక గణాంక విశ్లేషణలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ క్రిస్టీ కృషి ఉంది. వాడుకలో దాన్ని రెండున్నర బీటా పద్ధతి అంటారు.

పద్ధతి ఇది. గడిచిన ఐదేళ్లలో ప్రతి రోజుకూ సైడీ కట్టాలి. ఏ అంతరాయమూ లేని రోజులను వదిలేసి, మిగిలిన ప్రతి విలువకూ సహజ సంవర్గమానం తీయాలి. వాటి సగటు ఆల్ఫా, ప్రామాణిక విచలనం బీటా. ఆల్ఫాకు రెండున్నర బీటాలు కలిపి, వచ్చినదాన్ని సంవర్గమానం నుంచి తిరిగి నిమిషాల్లోకి మార్చాలి. అదే హద్దు. మరుసటి ఏడాదిలో ఏ రోజు సైడీ ఆ హద్దు దాటితే అది పెద్ద సంఘటన రోజు. ఆదివారం మొదలైన అంతరాయం గురువారం దాకా సాగినా నిమిషాలన్నీ ఆదివారం ఖాతాలోకే వెళ్తాయి.

సంవర్గమానం ఎందుకని విద్యార్థులు అడుగుతుంటారు. మన ఊహాసంస్థనే తీసుకుందాం. దాని ఆల్ఫా మైనస్ 1, బీటా 1.2 అనుకుంటే హద్దు సుమారు 7.4 నిమిషాలు. అవే విలువలకు సంవర్గమానం తీయకుండా మామూలు సగటు, మామూలు విచలనంతో కడితే హద్దు 4 నిమిషాల చిల్లర. ఇప్పుడు ఆ ఐదేళ్లలోకి 5,760 నిమిషాల తుఫాను రోజు ఒక్కటి వచ్చి పడిందనుకోండి. మామూలు సగటుతో కట్టిన హద్దు 4 నుంచి దాదాపు 340 నిమిషాలకు ఎగబాకుతుంది. ఆ తరవాత ఐదేళ్లు చాలా పెద్ద గాలివానలు కూడా మామూలు రోజు కిందే జమ. సంవర్గమానంతో కట్టిన హద్దు మాత్రం 7.4 నుంచి 7.8కి కదులుతుంది, అంతే. రోజువారీ సైడీ విలువల తీరే అలాంటిది. చాలా రోజులు చిన్నచిన్న విలువలు, ఎప్పుడో ఒకనాడు పర్వతమంత. సంవర్గమానం తీస్తే అవి గుడిగంట ఆకారానికి దగ్గరగా సర్దుకుంటాయి.

రెండున్నర అన్నది సిద్ధాంతం నుంచి పుట్టిన అంకె కాదు. అనేక సంస్థల నిజమైన లెక్కల మీద వేసి చూసి, అనుభవమున్నవాళ్లు సమ్మతించిన అంకె. సంవర్గమానం తీసిన విలువలు సరిగ్గా ఆ గంట ఆకారంలోనే ఉంటే, అంటే లాగ్-నార్మల్ అయితే, ఏడాదికి సుమారు 2.3 రోజులు హద్దు దాటాలి. నిజమైన లెక్కల్లో పెద్ద విలువలు అంత పొందికగా ఉండవు, ఒక ఏడు అసలు దాటవు, ఇంకో ఏడు ఆరేడు దాటుతాయి.

ఈ పద్ధతిలో నాకు గౌరవం కలిగించే గుణం ఒకటుంది. ఇది కారణం అడగదు. గాలా, వరదా, పిడుగా, కోతా అన్న విచారణ లేదు. సంఘటన ఎంత పెద్దదన్నదే చూస్తుంది. మన దగ్గర నడిచే దారి దీనికి ఎదురు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2004లో సేవా ప్రమాణాల నిబంధనలు తెచ్చినప్పుడు సైఫీ, సైడీలను ఐఈఈఈ 1366 పాత ప్రతి నుంచే తీసుకుంది. మినహాయింపులు మాత్రం కారణాలను బట్టే వచ్చాయి. యుద్ధం, అల్లర్లు, వరద, తుఫాను, పిడుగు, భూకంపం అంటూ జాబితా. కారణం రాసేది ఎవరు? సబ్‌స్టేషన్ లాగ్‌బుక్కు పట్టుకున్న మనిషి. రెండేళ్లుగా కొమ్మలు కొట్టని చెట్టు చిన్న గాలికి తీగ మీద పడినా 'ఈదురుగాలులు' అని రాయవచ్చు. అది అబద్ధం కాదు, గాలి నిజంగానే వీచింది. ఆ నిజం మాటున చెట్టు కొట్టని నేరం దాగిపోతుంది. హద్దు అంకెల్లో ఉంటే దాగడానికి చోటు తగ్గుతుంది.

అంతమాత్రాన ఆ పద్ధతిని తెచ్చి యథాతథంగా మన మీద పెట్టమని నేను అనను. దాని లోపాలు నాకు తెలిసినంత వరకు చెబుతాను.

మొదటిది, విస్తీర్ణం. 60 లక్షల కనెక్షన్లున్న సంస్థ అనుకోండి. ఏజెన్సీలో ఒక మండలం, 6,000 ఇళ్లు. కొండవాగు పొంగి స్తంభాలు కొట్టుకుపోయి మూడు రోజులు చీకటి. ఒక్కో ఇంటికి 4,320 నిమిషాలు. సంస్థ మొత్తానికి పంచితే 4.3 నిమిషాలు. మన 7.4 హద్దుకు చాలా కిందే. అంటే ఆ మూడు రోజుల నరకం కాగితం మీద మామూలు రోజు. ఏటి సైడీలో నాలుగు నిమిషాల పెరుగుదల. అదే లెక్కను 2 లక్షల కనెక్షన్ల డివిజన్ స్థాయిలో కడితే సుమారు 130 నిమిషాలు వస్తుంది, ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. పెద్ద సంస్థల సగటు చిన్న ఊళ్ల కష్టాన్ని మింగేస్తుంది. హద్దును డివిజన్ స్థాయిలో కట్టకపోతే అరకు, పాడేరు, ఏటూరునాగారం వంటి చోట్లు ఏ ఖాతాలోనూ కనిపించవు.

రెండోది, కాలం. ఉత్తరాంధ్ర తీరానికి 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్ వచ్చాయి. మన ఊహాసంస్థకు ఐదేళ్లలో తుఫాను రోజులు మూడు పడితే హద్దు 7.4 నుంచి 8.8 నిమిషాలకు పెరుగుతుంది. నిన్న అసాధారణం అనుకున్నది రేపు సాధారణం అవుతుంది. ఇందులో ఒక న్యాయం ఉంది. తరచూ వచ్చేదానికి తట్టుకోవడం సంస్థ బాధ్యత అని గణితం చెబుతోంది. ఒక ప్రమాదమూ ఉంది. రోజువారీ సరఫరా చెడిపోయిన సంస్థకూ హద్దు ఇలాగే పెరుగుతుంది. కాబట్టి కదిలే హద్దు పక్కన కదలని హద్దు ఒకటి, ఏదో ఒక ఏట కట్టి అలాగే ఉంచినది, పెట్టుకోవాలని నా అభిప్రాయం.

మూడోది ఆ పద్ధతిది కాదు, మన లెక్కది. దాని దగ్గర కాస్త ఆగుతాను. ఆ 2004 నిబంధనల్లో సైడీని వినియోగదారుల తలల లెక్కన కట్టలేదు, 11 కేవీ ఫీడర్ల మీద, ఫీడరు కనెక్టెడ్ లోడును బట్టి కట్టారు. అప్పట్లో ఏ ఇల్లు ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉందో రికార్డు సరిగా లేదు కాబట్టి అది అర్థమయ్యే నిర్ణయమే. దాని ఫలితం మాత్రం ఇలా ఉంటుంది: ఒక ఐసు ఫ్యాక్టరీ చీకటి వంద పూరిళ్ల చీకటి కన్నా బరువు. పైగా ప్రధానంగా వ్యవసాయానికి వెళ్లే ఫీడర్లను లెక్కలోంచే తీసేశారు. సాగునీటి మోటారు ఎన్ని రోజులు ఆగినా ఆ లెక్కన సైడీ కదలదు.

తుఫాను తరవాత ఇది మరీ విడ్డూరమవుతుంది. సబ్‌స్టేషన్లో బ్రేకర్ వేస్తారు. 'ఫీడర్ ఛార్జ్ అయింది' అని పైకి కబురు వెళ్తుంది. నిజానికి లైను మీది ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్ తెరిచి దెబ్బతిన్న భాగాన్ని విడదీసి, సబ్‌స్టేషన్ దగ్గరి నాలుగు ట్రాన్స్‌ఫార్మర్లకే కరెంటు ఇచ్చి ఉంటారు. ఆ పని సరైనదే, అలాగే చేయాలి. చివరి ఊళ్లో మాత్రం స్తంభాలు ఇంకా పొలంలో పడి ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీదనుంచి జారి ఉంటుంది. ఎల్‌టీ (లో టెన్షన్) తీగ ఎక్కడెక్కడ తెగిందో ఇంకా ఎవరూ చూసి ఉండరు. ఫీడరు లెక్కలో ఆ ఊరికి కరెంటు వచ్చేసింది. ఆ ఊరి ఆక్వా రైతు చెరువుల్లో ఏరేటర్లు ఆగి, ప్రాణవాయువు పడిపోయి, తెల్లారేసరికి రొయ్య తేలిపోయి ఉంటుంది. ఏ పట్టికలోనూ ఆ రాత్రి లేదు. ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లకు, ఇళ్లకు స్మార్ట్ మీటర్లు పెట్టే పథకాలు వచ్చాయి. కరెంటు పోయే క్షణంలో కబురు పంపగల మీటర్లవి. వాటిని బిల్లు వసూలుకు మాత్రమే వాడి, చీకటి లెక్కకు వాడకపోతే అన్యాయం.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది. పక్కన పెట్టడం వేరు, పారేయడం వేరు. ఐఈఈఈ ప్రమాణం పెద్ద సంఘటన రోజులను మరిచిపొమ్మనలేదు. వాటిని విడిగా విశ్లేషించి, విడిగా నివేదించమంది. చాలాచోట్ల సగం మాటే వినిపించుకున్నారు. మినహాయించడం నేర్చుకున్నారు, ఆ రోజుల కోసం రెండో పుస్తకం తెరవడం మానేశారు. ఆ పుస్తకం బరువెంతో చూడండి. అమెరికాలో 2020లో సగటు వినియోగదారుడికి ఎనిమిది గంటలకు పైగా కరెంటు పోయింది. పెద్ద సంఘటనలు తీసేస్తే మిగిలేది దాదాపు రెండు గంటలు. ప్రజలు పడ్డ చీకటిలో నాలుగింట మూడు వంతులు మినహాయించిన రోజులదే. నాలుగో వంతు చూసి సంస్థకు మార్కులు వేసి, మూడు వంతులను దైవానికి వదిలేయడం సమ్మతం కాదు.

బ్రిటన్లో చాలాకాలం తుఫాను రోజును గుర్తించడానికి హై వోల్టేజీ లోపాల సంఖ్య రోజువారీ సగటుకు ఎనిమిది రెట్లు దాటిందా అని చూసేవారు. దాటితే ఆ రోజు కంపెనీ ప్రోత్సాహకాల లెక్కలోంచి పోయేది. వినియోగదారుడికి రావలసిన పరిహారం మాత్రం పోయేది కాదు. 2021 నవంబరులో ఆర్వెన్ తుఫానుకు పది లక్షల మందికి పైగా కరెంటు పోయింది. దాదాపు 4,000 ఇళ్లకు వారం దాటినా రాలేదు. నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ ఒక్కో ఇంటికి ఉన్న 700 పౌండ్ల పరిమితిని ఎత్తివేయించింది. ఇందులో మనం నేర్వవలసింది ఉంది. కంపెనీ పనితీరుకు ఒక ఖాతా, మనిషికి రావలసినదానికి వేరే ఖాతా. మన దగ్గర ప్రకృతి విపత్తు అన్న ఒక్క మాటతో రెండూ ఒకేసారి మాఫీ అవుతున్నాయి.

రెండో పుస్తకంలో సగటు పనికిరాదు. 2017 సెప్టెంబరు 20న మరియా తుఫాను ప్యూర్టో రికోను ముంచింది. దాదాపు 15 లక్షల కనెక్షన్లు చీకట్లో పడ్డాయి. చివరి ఇళ్లకు కరెంటు చేరేసరికి 11 నెలలు పట్టింది. తుఫాను తరవాతి ఆరు నెలల్లో మామూలు కన్నా 2,975 మంది ఎక్కువగా చనిపోయారని జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం అంచనా కట్టింది. కరెంటు లేక మందులు, యంత్రాలు, నీళ్లు అందకపోవడం ఆ నెలల్లో పెద్ద సమస్య. అలాంటి చోట సగటు ఎన్ని గంటలు అని అడిగితే సమాధానం ఉంటుంది, అర్థం ఉండదు. సగం మందికి ఎప్పుడు వచ్చింది, వందలో తొంభై మందికి ఎప్పుడు, వందో మనిషికి ఎప్పుడు అని అడగాలి. ఆ వందో మనిషి ఏ మండలంలో ఉన్నాడో రాయాలి. ప్రతి తుఫానుకూ అదే మండలం చివర ఉంటే అది ప్రకృతి చేసిన పని కాదు. మంచినీటి పథకానికి, ఆసుపత్రికి ఎన్ని గంటల్లో ఇచ్చారో విడిగా రాయాలి. వరదలో ప్రాణాపాయం లేకుండా సిబ్బంది కావాలని తీసేసిన కరెంటును వేరే గుర్తుతో రాయాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు నీళ్లలో నిలబడ్డ ఇళ్లకు కరెంటు ఆపడం రక్షణ. దాన్ని వైఫల్యంగా లెక్కిస్తే రేపు ఆపడానికి ఎవరికీ చేయి రాదు.

ఆ పుస్తకంలో, కరెంటు తిరిగి వచ్చిన గంటల పక్క గడిలోనే, ఉండవలసిన ఇంకో అంకె ఉంది: ఆ పనిలో ఎంతమంది సిబ్బంది గాయపడ్డారు, ఎంతమంది పోయారు. ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని, ఎర్త్ రాడ్లు తగిలించి, రెండు వైపులా చూసుకుని ఎక్కాలంటే సమయం పడుతుంది. ఒక్కో స్తంభం దగ్గర ఆ నిమిషాలు మిగిల్చుకుంటే సైడీ తగ్గుతుంది. తుఫాను రోజుల్లో ఇళ్లలో జనరేటర్లు నడుస్తుంటాయి. ఛేంజోవర్ స్విచ్ లేకుండా కలిపిన ఒక్క జనరేటర్ చాలు, ఆపేసిన లైనులోకి వెనకనుంచి కరెంటు ఎక్కి, ట్రాన్స్‌ఫార్మర్ గుండా 11 వేల వోల్టులై, చేత్తో పట్టుకున్నవాణ్ణి కొడుతుంది. ఎర్త్ రాడ్డు ఆ మనిషికీ చావుకీ మధ్య ఉన్న లోహపు ముక్క. మూడు రోజుల్లో పునరుద్ధరించిన డివిజన్‌కు ప్రశంసాపత్రం, నాలుగు రోజులు తీసుకున్న డివిజన్‌కు మెమో ఇచ్చేముందు ఆ పక్క గడి చదవాలి. ఆ గడి లేని పట్టికను చూసి ఇచ్చే ప్రశంస ఎవరినో పరుగెత్తిస్తుంది. కాంట్రాక్టు కార్మికులను, బయటి జిల్లాల నుంచి వచ్చినవాళ్లను కూడా అందులో లెక్కించాలి. తెలియని ఊళ్లో, తెలియని లైను మీద, చీకట్లో ఎక్కేవాళ్లు వాళ్లే.

చివరగా డబ్బు సంగతి. హుద్‌హుద్ తరవాత ప్రపంచ బ్యాంకు రుణంతో 2015లో మంజూరైన విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టులో విశాఖపట్నానికి భూగర్భ కేబుళ్లు వేయడం ఒక భాగం. భూగర్భ కేబుల్ ఖరీదు పైతీగకు ఎన్నో రెట్లు. గాలికి తట్టుకుంటుంది. కాని లోపం వస్తే అది ఎక్కడుందో కనిపెట్టి, తవ్వి, అతికేసరికి పైతీగ కన్నా ఎక్కువ సేపు పడుతుంది. ఆ పెట్టుబడి ఫలించిందా అన్నది మామూలు రోజుల సైడీ చూసి తేల్చలేం. ఎందుకంటే ఏ రోజుల కోసం ఆ డబ్బు ఖర్చయిందో ఆ రోజులనే సైడీలోంచి తీసేస్తున్నాం. మినహాయింపులు పోగా మిగిలిన అంకె మీదనే నడిస్తే కేబుల్ వృథా ఖర్చుగా కనిపిస్తుంది, గట్టి స్తంభం కూడా వృథాగానే కనిపిస్తుంది. తేల్చాలంటే తరవాతి పెద్ద గాలి వీచినప్పుడు, అదే గాలిలో, కేబుల్ ఉన్న పేటల్లోనూ పైతీగ ఉన్న పేటల్లోనూ గంట గంటకూ ఎంతమందికి కరెంటు ఉందో రాసి ఉండాలి. గాలి వేగం, కిలోమీటరుకు విరిగిన స్తంభాలు, అవి ఏ రకం స్తంభాలు, ఎంతమంది సిబ్బంది ఏ రోజున దిగారు అన్నవి దాని పక్కన ఉండాలి. తుఫాను వెళ్లిన మూడు నెలల్లోగా పంపిణీ సంస్థలు ఈ పట్టికను డివిజన్ల వారీగా నియంత్రణ మండలి ముందు పెట్టాలని, టారిఫ్ బహిరంగ విచారణలో దాన్ని తెలుగులో అందరికీ అందుబాటులో ఉంచాలని నేను కోరుతున్నాను. ఈ ప్రతిపాదనను అర్జీగా రాసి తెచ్చాను. సభ ముగిశాక బయట బల్ల మీద ఉంటుంది. ఇంజనీర్లు, వినియోగదారుల సంఘాలు, కార్మిక సంఘాలు చదివి, మార్చవలసినవి మార్చి, సంతకాలు పెట్టండి. వచ్చే విచారణలో దాఖలు చేద్దాం.